బూడిద పేర్లు: సిండ్రెల్లా కథల లింగమార్పిడిలో నామౌచిత్యం

ప్రసిద్ధ అద్భుతకథల్లో నాయికను నాయకుడిగా, నాయకుణ్ణి నాయికగా మార్చి తిరిగి చెప్పే రచనలు ఆధునిక బాలసాహిత్యంలో ఒక పాయగా స్థిరపడ్డాయి. వీటిలో పాత్రల పేర్లు మార్చడమంటే ప్రత్యయం మార్చడమేనన్న భావన ఉంది. పేరు సార్థకమైనచోట ఈ భావన నిలవదు. సిండ్రెల్లా నామచరిత్ర ఇందుకు నిదర్శనం.

సిండ్రెల్లా అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు, ఇంటివారు హేళనగా తగిలించిన మారుపేరు. 1634-36 మధ్య వెలువడిన జాంబాతిస్తా బసీలే కథాసంపుటిలో నాయిక అసలు పేరు జెజొల్లా. ఆమెను వంటింటికి నెట్టివేసిన తరువాతనే బూడిదను, పిల్లిని కలిపిన మారుపేరు వచ్చింది. శార్ల్ పెరో 1697లో ప్రచురించిన కథలో ఇంటిపని ముగించి బూడిదలో కూర్చునే ఆ పిల్లకు రెండు పేర్లున్నాయి. ఒకటి మోటుపేరు, రెండవది సవతితల్లి చిన్న కూతురు కొంత మర్యాద పాటించి పిలిచిన ‘సాండ్రియోన్’. గ్రిమ్ సోదరుల 1812 నాటి సంపుటిలోని ‘ఆషెన్‌పుటెల్’ పడక లేక పొయ్యి పక్కన బూడిదలో పడుకుంటుంది. ఈ మూడింటిలోనూ బూడిద ఆమె కోల్పోయిన స్థానానికి గుర్తు. పెరో, గ్రిమ్ కథల్లో అది చాకిరీకి కూడా గుర్తు.

అయితే బూడిదపేరు స్త్రీలకే పరిమితమైనది కాదు. జర్మన్ భాషలో ఈ కోవకు చెందిన పదాన్ని మార్టిన్ లూథర్ కయీను తమ్ముడైన హేబెలుకు వాడినట్లు గ్రిమ్ సోదరులే తమ వ్యాఖ్యలో గుర్తించారు. నార్వేలో ఆస్బ్యోర్న్‌సెన్, మూ 1841 నుండి ప్రకటించిన జానపద కథల్లో ‘ఆస్కెలాదెన్’ అనే కడగొట్టు కుమారుడు ప్రసిద్ధుడు. ఆ పేరుకు ‘బూడిద కుర్రవాడు’ అని అర్థం. అంటే సిండ్రెల్లాకు పురుషరూపం ఆధునిక రచయితలు కొత్తగా కల్పించవలసినది కాదు, సంప్రదాయంలో ముందే ఉంది.

కానీ ఇద్దరి బూడిద ఒకటి కాదు. ఆస్కెలాదెన్ పొయ్యి దగ్గర కూర్చుని బూడిద కెలుకుతుంటాడు. అన్నల దృష్టిలో అతడు ఎందుకూ కొరగాని సోమరి. ఆషెన్‌పుటెల్ పనిభారం వల్ల బూడిదపాలైతే, ఆస్కెలాదెన్ పనిలేనితనం వల్ల బూడిదలో ఉన్నాడు. జార్జ్ వెబ్ డేసెంట్ 1859లో ఈ కథలను ఆంగ్లీకరిస్తూ అతనికి ‘బూట్స్’ అని పేరు పెట్టాడు. అది బూట్లు తుడిచే సేవకుడి పేరు. బూడిద పోయినా సేవ వచ్చి చేరింది.

బాబెట్ కోల్ 1987 నాటి ‘ప్రిన్స్ సిండర్స్’లో ఈ రెండు ధోరణులూ ఎదురవుతాయి. నాయకుడు రాకుమారుడే అయినా బలిష్ఠులైన ముగ్గురు అన్నలకు ఇల్లు ఊడ్చి తుడుస్తాడు. రచయిత్రి పురుషనామాన్ని స్వీకరించినా, సోమరి కుర్రవాడి బూడిదను కాక చాకిరీ చేసే పిల్ల బూడిదను అతనికి అంటగట్టింది. ఆ పేరులోని హాస్యానికీ విమర్శకూ మూలం అదే.

తెలుగులో ఈ చిక్కు మరింత స్పష్టం. ఎల్లయ్య, ఎల్లమ్మ వంటి జంటలు, ‘చెలికాడు, చెలికత్తె’ వంటి ప్రత్యయభేదాలు మార్పిడిని సులభంగా కనబడజేస్తాయి. కానీ ‘పనివాడు’ అన్నప్పుడు నేర్పరి అయిన వృత్తికారుడు కూడా స్ఫురిస్తాడు. ‘పనికత్తె’ అన్నప్పుడు ఇంటి చాకిరీ చేసే స్త్రీయే స్ఫురిస్తుంది. ధాతువు ఒకటే, గౌరవం వేరు. ప్రత్యయంతో పాటు సమాజం ఇచ్చిన విలువ కూడా మారిపోతోంది.

కనుక సార్థకనామాన్ని మార్చే రచయిత ముందుగా వేసుకోవలసిన ప్రశ్న, దాని పుంరూపమో స్త్రీరూపమో ఏమిటన్నది కాదు. ఆ పేరు పెట్టినవారెవరు, ఏ పనిని చూసి పెట్టారు, అదే పని మరొకరు చేస్తే ఆ పేరు పెట్టేవారా అన్నవి అసలు ప్రశ్నలు. వీటికి సమాధానం వెతకని మార్పిడిలో పాత్ర లింగం మారుతుంది గాని కథ మారదు.