ఢిల్లీ ఫ్లైట్ ఎక్కనివ్వని తెల్లవారుజాము

హైదరాబాద్ విలీనం అనగానే అందరూ 1948 పోలీస్ యాక్షన్ దగ్గరే ఆగిపోతారు. నాకైతే అసలు కథ 1947 అక్టోబర్ 27నే ఉంది.

ఢిల్లీతో యథాతథ ఒప్పందం ముసాయిదా రెడీ. నిజాం కౌన్సిల్ ఒప్పుకుంది. ప్రధాని ఛత్తారీ నవాబు, లాయర్ వాల్టర్ మాంక్టన్, సర్ సుల్తాన్ అహ్మద్ పొద్దున ఫ్లైట్ ఎక్కాలి. చీకట్లోనే వేల మంది వాళ్ల ఇళ్లను చుట్టుముట్టారు. వెనకున్నది ఖాసిం రజ్వీ. ప్రయాణం బంద్! మా సాఫ్ట్‌వేర్ భాషలో, రిలీజ్ రాత్రి రోల్‌బ్యాక్. ఛత్తారీ రాజీనామా చేసిండు, కొత్త బృందం పోయింది. తీరా నవంబర్ 29న సంతకాలు పడ్డది దాదాపు అవే షరతుల మీద, అదీ ఒక్క ఏడాదికే.

ఇక మన దిక్కు చూద్దాం. జనగామ అప్పుడు నల్లగొండ జిల్లా తాలూకా. అక్కడి కడవెండిలో దొడ్డి కొమరయ్య 1946 జులై 4నే తూటాకు బలైండు. ఒప్పందంలో రక్షణ ఉంది, విదేశాంగం ఉంది. వెట్టి ముచ్చటే లేదు.

సంతకాలయ్యాక కూడా రజాకార్ల భయానికి ఎన్నో కుటుంబాలు సరిహద్దు దాటి బెజవాడ దిక్కు పోయినయి. అటు బయటి రాష్ట్రాల నుంచి ముస్లిం శరణార్థులు హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చారు. రెండు వైపులా మూటాముల్లె సర్దుకున్నది మామూలు జనమే.

జనగామ, మానుకోట, భూపాలపల్లి దోస్తులూ, మీ ఇంట్ల ముసలోళ్లను అడగండి, అప్పుడు మనోళ్లు ఎటు పోయిన్రో.