పంకా తాడు నుంచి ఫ్యాను రెక్క దాకా

పంకా అన్న మాట మనకు హిందీ ద్వారా వచ్చింది. దాని మూలం సంస్కృతంలోని పక్షం, అంటే రెక్క. మనకు సొంతంగా విసనకర్ర ఉంది, దేవుడికీ రాజుకీ వింజామర ఉంది. అయితే ఇంటి కప్పుకు వేలాడదీసి తాడుతో ఊపే పెద్ద పంకా మాత్రం 18వ శతాబ్దం చివర కలకత్తా దొరల ఇళ్ళలో కనిపించి, అక్కడి నుంచి మద్రాసు బంగళాలకూ, జిల్లా కచేరీలకూ, చర్చీలకూ పాకింది.

పొడుగాటి చెక్క చట్రం, దానికి బిగించిన గుడ్డ, కింద కుచ్చులు. చట్రానికి కట్టిన తాడు కప్పీ మీదుగా గోడలోని కన్నం దాటి వరండాలోకి వెళ్ళేది. అక్కడ ఒక మనిషి కూర్చుని దాన్ని లాగేవాడు, పగలొకడు, రాత్రొకడు. పంకా ఊగినప్పుడల్లా కింద కూర్చున్నవాళ్ళకు ఒక విసురు గాలి తగిలేది, మళ్ళీ ఆగేది. లాగేవాడికి ఆ గాలి కూడా లేదు. అతను గోడకు అవతల ఉన్నాడు.

రాత్రిపూట అతనికి కునుకు పడితే పంకా ఆగేది, లోపల దొరకు మెలకువ వచ్చేది. తరువాత ఏం జరిగేదో 19వ శతాబ్దపు కోర్టు రికార్డులు చెబుతాయి. బూటుకాలి తన్నులకు పంకా కూలీలు చచ్చిపోయిన కేసులు ఒకటీ అరా కావు. మలేరియా వల్ల కూలీ ప్లీహం ముందే ఉబ్బి ఉందనీ, చిన్న దెబ్బకే చిట్లిందనీ డాక్టరు సాక్ష్యం చెప్పేవాడు. చాలాసార్లు దొర జరిమానాతో బయటపడేవాడు. ఆ విచారణ జరిగే కోర్టు హాల్లోనూ పైన పంకా ఊగుతూనే ఉండేదని వేరే చెప్పాలా? 1924లో వచ్చిన ఇ.ఎం. ఫార్‌స్టర్ నవల ‘ఎ పాసేజ్ టు ఇండియా’లో కోర్టు ఘట్టం చదివినవాళ్ళకు, అక్కడ ఏం జరుగుతున్నదో తెలియకుండానే పంకా లాగుతూ కూర్చున్న మనిషి గుర్తుండే ఉంటాడు.

ఈ తాడును తెంపింది కరెంటు. 1880లలో అమెరికాలో సింగర్ కుట్టుమిషన్ల కంపెనీలో పనిచేసిన ఫిలిప్ డీల్, మిషను మోటారును కప్పుకు బిగించి రెక్కలు తగిలించాడు. మన దేశంలో కలకత్తాకు 1899లో విద్యుత్ సరఫరా మొదలైంది. కన్నడసీమలో శివనసముద్రం జలవిద్యుత్తు 1902లో తయారై, ముందు వెళ్ళింది బెంగుళూరుకు కాదు, కోలారు బంగారు గనులకు. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల నుంచి వెళ్ళిన మనవాళ్ళు ఎందరో చెమటోడ్చిన గనులవి. బెంగుళూరు వీధిదీపాలు 1905 దాకా ఆగవలసి వచ్చింది. అలా కరెంటు వెళ్ళిన ఊళ్ళలో ఒక్కొక్క చోటే పంకా దిగింది, ఫ్యాను ఎక్కింది.

ఇంతకూ ఈ ఫ్యాను గదిలో గాలిని ఏం చేస్తుంది? రెక్కలు వాలుగా ఉంటాయి కనుక తిరిగేటప్పుడు గాలిని కిందికి నెడతాయి. రెక్కల పైన పీడనం కాస్త తగ్గుతుంది, కింద కాస్త పెరుగుతుంది. కిందికి వచ్చిన గాలి నేలకు తగిలి నలువైపులా పరుచుకుని, గోడల వెంట పైకెక్కి, మళ్ళీ రెక్కల మీదికే చేరుతుంది. మామూలు ఫ్యాను నిమిషానికి 200 ఘనపు మీటర్లకు పైగా గాలిని కదుపుతుంది. 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న గదిలో ఉండే గాలి సుమారు 40 ఘనపు మీటర్లే. అంటే అదే గాలి నిమిషానికి అయిదుసార్లు తిరుగుతున్నదన్నమాట. కొత్త గాలి ఒక్క గుక్కెడు కూడా రాదు.

పీడనం మార్పు ఎంత అనుకున్నారు? వాతావరణ పీడనం పది మీటర్ల నీటి స్తంభం బరువుకు సమానం. సెకనుకు 3 మీటర్ల వేగంతో దిగే ఫ్యాను గాలి ఒత్తిడి అర మిల్లీమీటరు నీటికి సమానం. నేల మీద కూర్చున్న మనిషి లేచి మంచం మీద కూర్చుంటే అతని చుట్టూ గాలి పీడనం దాదాపు అంతే మారుతుంది. ఫ్యాను కింద ఊపిరాడటం లేదనే ముసలివాళ్ళ ఫిర్యాదుకు కారణం పీడనం కాదు, మూసిన కిటికీ కావచ్చు.

గదిని అది చల్లబరచదు కూడా. 75 వాట్ల మోటారు తినే కరెంటంతా చివరికి వేడిగా ఆ గదిలోనే మిగులుతుంది. చల్లబడేది మన ఒళ్ళు. ఒంటిని అంటిపెట్టుకున్న వెచ్చని, తేమగల గాలిపొర చెదిరి, చెమట త్వరగా ఆరుతుంది. గాలి ఒంటికన్నా వేడెక్కిన ఎండాకాలపు మధ్యాహ్నం ఈ ఉపాయం బెడిసికొడుతుంది. 40 డిగ్రీలు దాటితే ఫ్యానును నమ్ముకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

పాత ఇళ్ళు కట్టినవాళ్ళు ఈ పీడనం సంగతిని వేరే దారిలో వాడుకున్నారు. కోస్తావాళ్ళు మండువా అన్నా, ఇక్కడ మనం తొట్టికట్టు అన్నా, తమిళులు ముట్రం అన్నా, నడుమ ఆకాశం కనబడే ఇల్లు అది. వేడెక్కిన గాలి అటు పైకి పోతే, వీధి గుమ్మం నుంచి చల్లగాలి లోపలికి వస్తుంది. వీధి తలుపూ పెరటి తలుపూ ఒకే వరసన పెట్టడంలోనూ ఇదే కిటుకు. గాలి కొట్టే వైపు పీడనం ఎక్కువ, అవతలి వైపు తక్కువ. ఇల్లు గొట్టంలా పనిచేస్తుంది. మద్రాసు మిద్దెలకు 14, 15 అడుగుల ఎత్తు ఊరికే పెట్టలేదు. వేడి పైన నిలిచిపోయేది, అందుకే అక్కడ ఫ్యానును పొడుగాటి కడ్డీకి దించి వేలాడదీశారు.

ఫ్యాను చవకయ్యాక కప్పు దిగింది, తొట్టి మూసుకుపోయింది, పెరటి తలుపుకు ఎదురుగా పక్కింటి గోడ లేచింది. తొమ్మిదడుగుల కాంక్రీటు గదిలో, పై అంతస్తులో, ఫ్యాను రెక్కలు కప్పుకు దగ్గరగా తిరుగుతూ అక్కడి సెగనే మన నెత్తిన పోస్తాయి. మరీ దగ్గరగా బిగిస్తే పైనుంచి అందుకోవడానికి గాలే ఉండదు, ఒక అడుగైనా ఖాళీ కావాలి.

2020లో కరోనా వచ్చినప్పుడు డాక్టర్లు కిటికీలు తెరవండి, ఎదురెదురుగా తెరవండి, ఫ్యాను ఒక్కటీ చాలదు అని చెప్పారు. మా వీధిలో చాలా ఇళ్ళలో తెరవడానికి ఎదురు కిటికీ లేదు.