కనిష్కుని నాణెం: ఒక కానుక, ఒక పరీక్ష

మా సంఘ గ్రంథాలయానికి అనుబంధంగా చిన్న ప్రదర్శనశాలను ఏర్పరచిన సంవత్సరంలో విశ్రాంత ఉపాధ్యాయులొకరు మాకొక నాణేన్ని కానుకగా తెచ్చి ఇచ్చారు. ఇరవై ఏళ్ల కిందట బుద్ధగయ యాత్రలో దారి పక్కన అమ్ముతుండగా, నెల జీతంలో సగం వెచ్చించి దానిని కొన్నారట. దూదిలో చుట్టి, చిన్న డబ్బాలో భద్రపరచి, బుద్ధుని పటం ముందు ఉంచుకున్నారట. "ఇది నా ఒక్కడి ఇంట్లో ఉండవలసినది కాదు, నలుగురూ చూడవలసినది" అంటూ మా చేతిలో పెట్టారు. అది కనిష్కుని బంగారు నాణెం అని ఆయన విశ్వాసం. మేము కూడా ఆ క్షణాన నమ్మాము.

అటువంటి నాణెం దొరకడం సామాన్య విషయం కాదు. క్రీస్తు శకం రెండవ శతాబ్దంలో కుషాణ చక్రవర్తి కనిష్కుడు ముద్రింపజేసిన నాణేలలో అధిక భాగం ఇరానీయ దేవతలవి. బుద్ధుని రూపం గలవి మిక్కిలి అరుదు. వాటికి ఒకవైపు పొడవైన అంగీ ధరించి అగ్నివేదిక ముందు నిలిచిన రాజు, రెండవవైపు కుడిచేతితో అభయమిస్తూ నిలుచున్న బుద్ధుడు ఉంటారు. పక్కన గ్రీకు లిపిలో 'బొద్దొ' అనే పేరు కనిపిస్తుంది. కాలం నిర్ణయించదగిన తొలి బుద్ధరూపాలలో ఇవి లెక్కకు వస్తాయి గనుక చరిత్రకారులకు వీటిపై ఎంతో గౌరవం. జలాలాబాద్ సమీపంలోని అహిన్ పోష్ స్తూపాన్ని 1879లో తవ్వినప్పుడు ఇటువంటి నాణెమొకటి రోమన్ బంగారు నాణేలతో కలసి ధాతు నిక్షేపంలో లభించింది.

ప్రదర్శనకు పెట్టే ముందు కొలతలు నమోదు చేయడం మా నియమం. కనిష్కుని బంగారు దీనారం సుమారు 8 గ్రాములు తూగుతుంది. మా చేతిలోనిది పరిమాణంలో అంతే ఉన్నా 4 గ్రాములైనా తూగలేదు. భూతద్దంతో చూడగా అంచు చుట్టూ సన్నని గీత, ఉపరితలమంతటా సూదిమొన లంతటి గుంటలు కనిపించాయి. కుషాణుల నాణేలు లోహపు బిళ్లను రెండు అచ్చుల నడుమ ఉంచి సుత్తితో కొట్టగా తయారైనవి. అంచున గీత పడేది, గాలిబుడగల గుంటలు మిగిలేది మూసలో పోత పోసిన వాటికే. స్వర్ణకారుడు గీటురాయిపై రాసి చూసి, పూతకింద ఉన్నది ఇత్తడి అని తేల్చాడు.

కార్యవర్గంలో భిన్నాభిప్రాయాలు వచ్చాయి. "పెద్దాయన మనసు ఎందుకు నొప్పించాలి? చూసేవారిలో ఎవరికి తెలుస్తుంది? అలాగే పెడదాం" అని కొందరన్నారు. "నిశ్శబ్దంగా బీరువాలో దాచేద్దాం" అని మరికొందరన్నారు. ఈ రెండు మార్గాలూ దయతో కూడినవిగానే తోచాయి. అయితే బౌద్ధచరిత్రలోనే జరిగిన ఒక సంఘటన మమ్మల్ని నిలువరించింది.

లుంబినీలోని అశోక స్తంభశాసనం 1896 డిసెంబరులో వెలుగుచూసినప్పుడు అక్కడ ఉన్న పురావస్తు అధికారి ఆంటన్ ఫ్యూరర్. ఆ శాసనం నిజమైనదే. కాని ఆ కీర్తితో తృప్తిపడని ఫ్యూరర్ అదే కాలంలో ఉ మా అనే బర్మా భిక్షువుకు పవిత్ర ధాతువులంటూ కొన్ని వస్తువులను పంపాడు. వాటిలో బుద్ధునిదని చెప్పిన ఒక దంతం గుర్రపు పన్నని తేలింది. ఫిర్యాదు ప్రభుత్వం వరకు వెళ్లింది, విచారణ జరిగింది, 1898లో అతడు పదవి నుంచి తప్పుకోవలసి వచ్చింది. కపిలవస్తును గురించి అతడు ప్రకటించిన కల్పిత శాసనాలూ బయటపడ్డాయి. అతని గ్రంథం చెలామణి నుంచి ఉపసంహరింపబడింది.

నష్టం అక్కడితో ఆగలేదు. సరిగ్గా ఆ 1898 జనవరిలోనే పిప్రాహ్వా స్తూపంలో విలియం పెప్పే ఒక రాతిపెట్టెను కనుగొన్నాడు. అందులోని ఒక కరండంపై బుద్ధుని ధాతువుల ప్రస్తావన గల శాసనం ఉంది. ఆ అస్థిధాతువులను సయాం రాజు చులాలాంగ్‌కార్న్‌కు సమర్పించగా, ఆయన వాటిని బౌద్ధదేశాలకు పంచారు. అంతటి నిజమైన నిధిపైన కూడా, పక్కనే సాగిన ఫ్యూరర్ కల్పనల మూలంగా చాలాకాలం అనుమానపు నీడ పడింది. ఒక అబద్ధాన్ని అద్దాలపెట్టెలో పెడితే పక్కనున్న సత్యం కూడా వెలవెలబోతుందని ఈ చరిత్ర మాకు తెలిపింది.

బంగారాన్ని కాల్చి, కోసి, గీటురాయిపై రాసి పరీక్షించినట్లే తన మాటను పరీక్షించి గ్రహించవలెనని, కేవలం గౌరవంతో ఒప్పుకోరాదని బుద్ధుడు చెప్పినట్లు శాంతరక్షితుని తత్త్వసంగ్రహం తెలుపుతుంది. శాస్త పలికిన మాటకే పరీక్ష ఉన్నప్పుడు మాకు చేరిన నాణేనికి మినహాయింపు ఉండదు కదా! మరొక విషయం: ఫ్యూరర్ ఎరిగి మోసగించాడు. మాస్టారు మోసపోయారు, ఆపై తమకు అత్యంత విలువైనదనుకున్న దానిని విడిచి ఇచ్చారు. చేసిన కర్మకు చేతన మూలమని ధర్మం చెబుతుండగా, ఆ దానంలో లోపమేమీ లేదు. లోపమంతా నాణెం మీది రాతలోనే ఉన్నది.

మేమిద్దరం ఆయన ఇంటికి వెళ్లి, తూకం చీటీ ముందుపెట్టి, ఉన్నది ఉన్నట్లు చెప్పాము. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత భూతద్దం అడిగి తీసుకుని అంచును స్వయంగా చూసుకున్నారు. "ఇరవై ఏళ్లు దీని ముందు దీపం పెట్టానండీ" అన్నారు. కొంతసేపు ఆగి, "పారవేయకండి. నేను ఎలా మోసపోయానో పిల్లలకు చూపించండి. పాఠం చెప్పడం నాకు అలవాటే" అన్నారు.

అమరావతి స్తూపానికి విధికుడనే చర్మకారుడు తల్లి, భార్య, సోదరులు, బిడ్డలు, బంధుమిత్రులతో కలసి పూర్ణఘట ఫలకాన్ని దానమిచ్చినట్లు శాసనం ఉంది. దాత వృత్తి, కుటుంబం, ఇచ్చిన వస్తువు ఉన్నవి ఉన్నట్లుగా అందులో చెక్కారు. అదే మాకు ఆదర్శమైంది. ఇప్పుడు ఆ నాణెం మా ప్రదర్శనశాలలో ఒక చిన్న త్రాసు, భూతద్దం పక్కన ఉన్నది. దాని కింద మేము ఇలా రాయించాము: "కనిష్కుని బుద్ధ నాణేనికి ఇటీవలి పోత నకలు. ఇత్తడిపై బంగారు పూత. దానం: ఒక విశ్రాంత ఉపాధ్యాయులు." మా వద్దకు వచ్చే పాఠశాల విద్యార్థులు అన్నిటికన్నా ఎక్కువసేపు నిలబడేది దాని ముందే. ప్రతి నెలా ఒక ఆదివారం మాస్టారే వచ్చి వారిచేత దానిని తూయిస్తున్నారు.