దద్దురును దాచే మాత్ర

మాంచెస్టర్ వైద్యుడు చార్లెస్ బ్లాక్లీని గడ్డి పూసే కాలం వస్తే తుమ్ములు, ముక్కు కారడం పట్టుకునేవి. కారణం ఎండా, దుమ్మా, పుప్పొడా? తేల్చుకోవడానికి తన ముక్కులోనే పుప్పొడి వేసుకున్నాడు. చేతి చర్మం గీరి అక్కడా అద్దాడు, దద్దురు లేచింది. 1873లో ఆ ప్రయోగాలను పుస్తకంగా వేశాడు. ముక్కూ చర్మమూ నేటికీ అలర్జీ పరీక్షకు ముఖ్యమైన చోట్లే.

1910లో హెన్రీ డేల్, లెయిడ్లా హిస్టమిన్ అనే రసాయనం శరీరంలో చేసే పనిని వివరించారు. 1920ల్లో థామస్ లూయిస్, చర్మం ఎర్రబడి ఉబ్బడం వెనుక అలాంటి పదార్థమే ఉందని చూపాడు. 1937లో పారిస్‌లో డానియెల్ బోవే, ఆన్-మరీ స్టౌబ్ హిస్టమిన్‌కు తొలి విరుగుడు కనుగొన్నారు. అది మనుషులకు పనికిరానంత విషం. 1940ల్లో వాడదగ్గ మాత్రలు వచ్చాయి, పరీక్షకు చిక్కూ వచ్చింది.

ఈ మాత్ర అలర్జీని మాన్పదు. హిస్టమిన్ వెళ్లి అతుక్కోవలసిన చోటును ముందే ఆక్రమిస్తుంది. రోగి శరీరంలో అలర్జీ అలాగే ఉంటుంది, చర్మం మాత్రం నున్నగా కనిపిస్తుంది. అందుకే పుప్పొడి చుక్క పక్కనే హిస్టమిన్ చుక్క ఒకటి, ఉప్పునీటి చుక్క ఒకటి వేసి గుచ్చుతారు. హిస్టమిన్ దగ్గరా దద్దురు లేవకపోతే మిగతా చుక్కల మాట నమ్మడానికి లేదు. ఈ పరీక్ష మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఆ ఒక్క చుక్కే. అది లేకుంటే, మందు ప్రభావాన్ని ఆరోగ్యమని రాసిచ్చే ప్రమాదం ఉంది.

ముక్కు దారి వేరు. 1980ల్లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు ముక్కులో పుప్పొడి వేసి, కడిగిన నీటిలో హిస్టమిన్‌ను కొలిచారు. మాత్ర వేసుకుంటే తుమ్ములు, దురద, నీరు కారడం బాగా తగ్గుతాయి. ముక్కు దిబ్బడ అంతగా తగ్గదు, దానికి ఇతర రసాయనాలూ కారణం. కాబట్టి చర్మం మీద దద్దురును బాగా అణచిన మందు ముక్కుకూ అంతే హాయినిస్తుందని చెప్పలేం.

అదే దశాబ్దంలో నిద్రమత్తు తక్కువగా ఉండే సెటిరిజిన్ వంటివి వచ్చాయి. వాటి ప్రభావం చర్మంలో రోజుల తరబడి నిలుస్తుంది. అందుకే పరీక్షకు దాదాపు వారం ముందు ఆపమని సాధారణంగా చెబుతారు. మన దగ్గర చిక్కల్లా మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే జలుబు మాత్రలతోనే. వాటిలో చాలావాటిలో క్లోర్‌ఫెనిరమిన్ ఉంటుంది. దాన్ని అలర్జీ మందని ఎవరూ అనుకోరు, డాక్టరుకు చెప్పరు. డాక్టర్లే ఒక్కో మాత్ర పేరూ అడగాలి. డాక్సెపిన్ వంటి కొన్ని డిప్రెషన్ మందులూ ఇదే పని చేస్తాయి. వాటిని రోగి సొంతంగా ఆపడం తగదు. ఒళ్లంతా దద్దుర్లతో మాత్ర మానలేనివారికి రక్తంలో ఐజీఈ అనే యాంటీబాడీని కొలిచే పరీక్ష ఉంది. 1967లో స్వీడన్ శాస్త్రవేత్తలు దారి వేసిన ఆ పరీక్షను ఈ మాత్రలు తారుమారు చేయవు.