ఫిన్ (పోలీసు జాగిలం)

ఫిన్ (2009 - 2023) ఇంగ్లాండులోని హెర్ట్‌ఫర్డ్‌షైర్ పోలీసు శాఖలో పనిచేసి, 2017లో విధుల నుండి విరమణ పొందిన జెర్మన్ షెపర్డ్ జాతి జాగిలం. 2016లో కత్తిపోట్లకు గురై కూడా తన హ్యాండ్లర్‌ను కాపాడినందుకు ఇది ప్రసిద్ధి చెందింది. ఈ సంఘటన ఫలితంగా, విధుల్లో ఉన్న జంతువుల రక్షణకై 2019లో బ్రిటిషు పార్లమెంటు ఒక చట్టం చేసింది. ఆ చట్టాన్ని సాధారణంగా "ఫిన్ చట్టం" అని పిలుస్తారు.

సేవలు

ఫిన్ హ్యాండ్లర్ పేరు డేవ్ వార్డెల్. ఇతడు పోలీసు కానిస్టేబులు. బాంబులను లేదా మాదకద్రవ్యాలను మాత్రమే పసిగట్టే జాగిలాలకు భిన్నంగా, ఫిన్ సాధారణ విధులకు శిక్షణ పొందిన జాగిలం. నిందితుల జాడ తీయడం, పారిపోయేవారిని నిలువరించడం, తప్పిపోయినవారిని వెదకడం ఇటువంటి జాగిలాల ముఖ్యమైన పనులు. బ్రిటనులో పోలీసు జాగిలాలు సాధారణంగా హ్యాండ్లర్ ఇంటిలోనే పెరుగుతాయి. అందువలన హ్యాండ్లర్‌కు, జాగిలానికి మధ్య అనుబంధం విధులకే పరిమితం కాదు.

2016 దాడి

2016 అక్టోబరు 5 తెల్లవారుజామున స్టీవెనేజ్ పట్టణంలో, ఒక టాక్సీ డ్రైవరును తుపాకీతో బెదిరించి దోచుకున్నారన్న సమాచారంపై వార్డెల్, ఫిన్ అనుమానితుణ్ణి వెంబడించారు. ఫిన్ అతడి కాలిని పట్టుకోగా, అతడు పెద్ద కత్తితో దాని ఛాతీలో పొడిచాడు. తరువాత వార్డెల్‌పైకి కత్తి దూయగా ఫిన్ అడ్డుపడింది. దాని తలకు, వార్డెల్ చేతికి గాయాలయ్యాయి. ఇతర పోలీసులు వచ్చేవరకు ఫిన్ పట్టు విడవలేదు.

కత్తి ఊపిరితిత్తిలోకి దిగడం వలన ఫిన్‌కు సుమారు నాలుగు గంటలపాటు శస్త్రచికిత్స జరిగింది. అది బ్రతకడం కష్టమని భావించినా కోలుకొని, 11 వారాల తరువాత, అదే సంవత్సరం డిసెంబరులో తిరిగి విధుల్లో చేరింది. 2017 మార్చిలో విరమణ పొంది, వార్డెల్ కుటుంబంతోనే ఉండిపోయింది.

చట్టంలోని లోపం

నిందితుడు 16 సంవత్సరాల బాలుడు. వార్డెల్‌ను గాయపరచినందుకు అతడిపై దాడి నేరం మోపారు. ఫిన్ విషయంలో మాత్రం మోపిన నేరం "ఆస్తికి నష్టం కలిగించడం". అంటే కిటికీ అద్దం పగులగొట్టినా, జాగిలాన్ని పొడిచినా వర్తించేది ఒకే చట్టం. ఇటువంటి కేసుల్లో ఆస్తి విలువ ముఖ్యం. విరమణకు దగ్గరపడిన జాగిలం విలువ డబ్బు లెక్కలో స్వల్పమే. 2017లో బాలుడికి 8 నెలల నిర్బంధం విధించారు. ఫిన్ గాయాలకు విడిగా శిక్ష పడలేదు.

2006 నాటి జంతు సంక్షేమ చట్టం క్రింద కేసు పెట్టే అవకాశం ఉన్నా, అందులో వేరొక చిక్కు ఉండేది. జంతువును బాధించడం ఆత్మరక్షణ కొరకా అన్నది కోర్టు పరిశీలించవలసిన అంశాలలో ఒకటి. పోలీసు జాగిలం పని మనిషిని పట్టుకోవడమే కనుక, నిందితులు ఈ వాదనను ముందుకు తెచ్చే వీలుండేది.

ఫిన్ చట్టం

దాడి జరిగిన కొద్ది వారాలలోనే ఒక వినతిపత్రంపై లక్షకు పైగా సంతకాలు రాగా, 2016 నవంబరులో పార్లమెంటులో చర్చ జరిగింది. పార్లమెంటు సభ్యుడు సర్ ఆలివర్ హీల్డ్ 2017 డిసెంబరులో ప్రవేశపెట్టిన బిల్లు, 2018లో ఒక సభ్యుని అభ్యంతరం వలన నిలిచిపోయింది. ప్రభుత్వ మద్దతుతో తిరిగి వచ్చిన బిల్లు 2019 ఏప్రిల్ 8న రాజామోదం పొంది, జూన్ 8 నుండి అమలులోకి వచ్చింది. ఇది ఇంగ్లాండు, వేల్సులకు వర్తిస్తుంది.

ఈ చట్టం కొత్త నేరాన్ని సృష్టించలేదు. అధికారి అదుపులో ఉండి విధులు నిర్వహిస్తున్న జాగిలం, గుర్రం వంటి జంతువును గాయపరచినవారికి పైన చెప్పిన ఆత్మరక్షణ వాదన లేకుండా చేసింది. అప్పటికి గరిష్ఠ శిక్ష 6 నెలలు మాత్రమే. 2021లో చేసిన మరొక చట్టం దానిని 5 సంవత్సరాలకు పెంచింది. స్కాట్లండు 2020లో తన చట్టంలో ఇటువంటి రక్షణనే చేర్చింది.

గుర్తింపు

2018లో పి.డి.ఎస్.ఎ. అనే జంతు వైద్య స్వచ్ఛంద సంస్థ ఫిన్‌కు స్వర్ణ పతకం ఇచ్చింది. దీనిని మనుషులకిచ్చే జార్జ్ క్రాస్‌తో సమానంగా పరిగణిస్తారు. అదే సంవత్సరం వార్డెల్ రచించిన "ఫాబ్యులస్ ఫిన్" అనే పుస్తకం వెలువడింది. 2019లో వీరిద్దరు "బ్రిటన్స్ గాట్ టాలెంట్" టెలివిజన్ పోటీలో తుది దశకు చేరారు.

మరణం

ఫిన్ 2023 మే నెలలో, 14 సంవత్సరాల వయసులో మరణించింది. కత్తిపోట్ల తరువాత అది ఆరు సంవత్సరాలకు పైగా జీవించింది. కోర్టులో ఆస్తిగా లెక్కించబడిన ఈ జాగిలం, తన పేరిట వచ్చిన చట్టం అమలు కావడాన్ని చూసేంతకాలం బ్రతికి ఉండటం విశేషం.