గ్లైడర్‌లో ఒకటికి మించి ఫ్లైట్ రికార్డర్లు ఉంటే ఏ టాస్క్ ప్రకటన చెల్లుతుంది?

ఇంజిన్ సాయం లేకుండా, వేడెక్కి పైకి లేచే గాలుల ఆధారంగా వందల కిలోమీటర్లు ప్రయాణించడం గ్లైడింగ్ క్రీడ ప్రత్యేకత. అయితే ఎంత దూరం ఎగిరినా, ఏ మార్గంలో ఎగరబోతున్నదీ టేకాఫ్‌కు ముందే ప్రకటించకపోతే కొన్ని ముఖ్యమైన అంతర్జాతీయ గుర్తింపులు దక్కవు. ఈ ముందస్తు ప్రకటననే టాస్క్ డిక్లరేషన్ అంటారు. ఒక పరికరం మొరాయిస్తే మరొకటి ఆదుకుంటుందన్న ఉద్దేశంతో పైలట్లు రెండు, మూడు ఫ్లైట్ రికార్డర్లను వెంట తీసుకెళ్లడం ఇప్పుడు సాధారణం. వాటిలోని ప్రకటనలు ఒకదానితో ఒకటి సరిపోలకపోతే మాత్రం, రక్షణగా తెచ్చుకున్న పరికరమే ఆ రోజు శ్రమను వృథా చేయగలదు.

నిబంధన ఏమిటి?

అంతర్జాతీయ వైమానిక క్రీడా సమాఖ్య (ఎఫ్‌ఏఐ) స్పోర్టింగ్ కోడ్‌లోని మూడో విభాగం గ్లైడింగ్‌కు వర్తిస్తుంది. సమాఖ్యలోని అంతర్జాతీయ గ్లైడింగ్ కమిషన్ (ఐజీసీ) దీనిని నిర్వహిస్తుంది. తేదీ, పైలట్ పేరు, గ్లైడర్ వివరాలు, రికార్డర్ గుర్తింపు, ప్రారంభ స్థానం, వరుస క్రమంలో మలుపు స్థానాలు, ముగింపు స్థానం ప్రకటనలో ఉండాల్సిన ప్రధానాంశాలు. టేకాఫ్‌కు ముందు చేసిన చిట్టచివరి ప్రకటన ఒక్కటే చెల్లుతుందన్నది మూల సూత్రం.

ఈ సూత్రాన్ని ఒక్కో పరికరానికి విడివిడిగా కాక, మొత్తం ప్రయాణానికి అన్వయించుకోవాలి. గ్లైడర్‌లో మూడు రికార్డర్లు ఉన్నంత మాత్రాన మూడు ప్రకటనలు చెల్లవు. ప్రయాణం ముగిశాక వాటిలో అనుకూలమైనదాన్ని ఎంచుకునే వెసులుబాటు ఉంటే, ముందుగా ప్రకటించడమన్న మాటకే అర్థం ఉండదు. అందుకే అన్ని రికార్డర్లలోనూ ఒకే ప్రకటన ఉండేలా చూసుకోవాలని నిపుణులు సూచిస్తారు.

ఫైల్‌లో సమయం ఎలా నమోదవుతుంది?

ఆమోదం పొందిన రికార్డర్ ప్రతి ప్రయాణానికీ ఐజీసీ నమూనాలో ఒక ఫైల్‌ను రూపొందిస్తుంది. అందులో ఒక్కో వరుస ఒక్కో అక్షరంతో మొదలవుతుంది. ‘ఏ’ వరుసలో తయారీ సంస్థ సంకేతం, పరికరం క్రమసంఖ్య ఉంటాయి. ‘హెచ్’ వరుసల్లో తేదీ, పైలట్, గ్లైడర్ వివరాలు, ‘బీ’ వరుసల్లో సమయం, అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు నమోదవుతాయి. చివరనుండే ‘జీ’ వరుస డిజిటల్ సంతకం వంటిది. ప్రయాణ సమాచారాన్ని ఎవరైనా మార్చితే తనిఖీలో ఫైల్ చెల్లకుండా పోతుంది.

టాస్క్ ప్రకటన ఉండేది ‘సీ’ వరుసల్లో. వాటిలో మొదటిది ప్రకటన చేసిన తేదీని, సమయాన్ని తెలుపుతుంది. ఈ సమయం సార్వత్రిక కాలమానంలో ఉంటుంది. భారత కాలమానం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది కనుక, ఇక్కడ ఉదయం 9.30కి చేసిన ప్రకటన ఫైల్‌లో 04.00గా కనిపిస్తుంది.

చిక్కు ఎక్కడ?

కొన్ని రకాల రికార్డర్లు, పరికరాన్ని చివరిసారి ఆన్ చేసిన సమయాన్నే ప్రకటన సమయంగా నమోదు చేస్తాయి. పైలట్ కొత్తగా ఏమీ మార్చకపోయినా, స్విచ్ ఆపి మళ్లీ వేస్తే పాత ప్రకటనకు కొత్త సమయం వచ్చి చేరుతుంది. అంతకుముందు కాగితంపై రాసి సంతకం చేసిన ప్రకటన సైతం ఈ కారణంగా రద్దయ్యే ప్రమాదం ఉంది.

ఛత్తీస్‌గఢ్‌లోని ఉక్కు నగరం భిలాయిని ఆనుకొని, పెద్ద రైల్వే యార్డు ఉన్న చరోదాను తీసుకుని ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. ఇది ప్రకటన నియమాన్ని వివరించడానికే తప్ప, అనుమతి ఉన్న గగనమార్గం కాదు. చరోదా నుంచి కోర్బా వెళ్లి తిరిగి చరోదా చేరితే సరళరేఖా దూరం 300 కి.మీ. దాటుతుంది. డైమండ్ గోల్ అనే గుర్తింపునకు ఈ దూరం సరిపోతుంది. ముందుగా ప్రకటించిన 300 కి.మీ. రానుపోను మార్గాన్ని లేదా త్రిభుజాన్ని పూర్తి చేయడం దాని షరతు.

పైలట్ ఉదయం 9.30కి ప్రధాన రికార్డర్‌లో కోర్బాను మలుపు స్థానంగా నమోదు చేశారనుకుందాం. 10.15కి రెండో రికార్డర్‌ను ఆన్ చేశారు. అందులో మునుపటి రోజు పెట్టిన బిలాస్‌పూర్ టాస్క్ అలాగే ఉంది. ఆ పరికరం 10.15నే ప్రకటన సమయంగా నమోదు చేసింది. 11 గంటలకు టేకాఫ్ జరిగింది. గ్లైడర్ కోర్బా వెళ్లి వచ్చినా, కాలక్రమంలో చివరి ప్రకటన బిలాస్‌పూర్‌దే. చరోదా నుంచి బిలాస్‌పూర్‌కు రానుపోను దూరం 300 కి.మీ.కు తక్కువ. గగనంలో ఏ పొరపాటూ జరగకపోయినా, నేలపై వేసిన ఒక స్విచ్ వల్ల ఆ గుర్తింపు చేజారుతుంది.

గ్లైడర్లు ఢీకొనకుండా హెచ్చరించే ఫ్లార్మ్ పరికరాల్లో కొన్ని రికార్డర్‌గానూ పనిచేస్తాయి. మెమరీ కార్డులోని కాన్ఫిగరేషన్ ఫైల్ ద్వారా వీటిలోకి టాస్క్ చేరుతుంది. కార్డులో పాత ఫైల్ మిగిలి ఉంటే, ఆన్ చేయగానే పాత టాస్కే మళ్లీ ప్రకటనగా మారవచ్చు. పలువురు పంచుకునే క్లబ్ గ్లైడర్లలో మునుపటి పైలట్ పేరు సైతం అందులో మిగిలిపోయే అవకాశం ఉంది.

రెండో రికార్డర్‌కూ అర్హత ఉండాలి

అదనపు రికార్డర్ అక్కరకు రావాలంటే ప్రకటన ఒక్కటే సరిపోదు. ఐజీసీ ఆమోదానికి స్థాయిలున్నాయి. కొన్ని పరికరాలు ప్రపంచ రికార్డులు సహా అన్నింటికీ చెల్లుతాయి, కొన్ని బ్యాడ్జీలకే పరిమితం. ఇంజిన్ ఉన్న గ్లైడర్లలో దాన్ని వాడలేదని నిరూపించేలా శబ్ద స్థాయిని నమోదు చేసే సదుపాయం కూడా రికార్డర్‌లో ఉండాలి. ఆ సదుపాయం లేని పరికరం, ప్రధాన రికార్డర్ విఫలమైనప్పుడు సాక్ష్యంగా నిలవదు.

ఐదు గంటల వ్యవధికి, ఎత్తు పెరుగుదలకు సంబంధించిన బ్యాడ్జీ షరతులకు మలుపు స్థానాల ప్రకటన అవసరం లేదు. పోటీల్లో టాస్క్‌ను నిర్వాహకులే నిర్ణయిస్తారు కనుక అక్కడ రెండో రికార్డర్ పాత్ర చాలావరకు ప్రత్యామ్నాయ సాక్ష్యానికే పరిమితం.

కెమెరాల కాలం నుంచి

1990ల మధ్యలో ఐజీసీ ఆమోదిత ఉపగ్రహ ఆధారిత రికార్డర్లు రాకముందు, ఎత్తును బారోగ్రాఫ్, మలుపు స్థానాలను కెమెరా నమోదు చేసేవి. ప్రకటనను పలకపై రాసి ఫొటో తీసేవారు. భారత పౌర విమానయాన శాఖ సాంకేతిక కేంద్రం రూపొందించిన గ్లైడర్లు ఆ కాలానివే. అశ్విని, భరణి, కార్తీక్, రోహిణి, మృగశిర, ఆర్ద్ర అంటూ వాటికి నక్షత్రాల పేర్లు పెట్టారు. పరికరాలు మారినా, ముందు చెప్పి తర్వాత చేసి చూపాలన్న నియమం మారలేదు.

టేకాఫ్‌కు ముందు పాటించాల్సినవి

* గ్లైడర్‌లోని అన్ని రికార్డర్లను గుర్తించాలి. ఫ్లార్మ్‌ను మరవకూడదు.
* పాత టాస్కులను, మెమరీ కార్డుల్లోని పాత ఫైళ్లను తొలగించాలి.
* ఒకే టాస్క్‌ను, ఒకే పైలట్, గ్లైడర్ వివరాలను అన్నింటిలో నమోదు చేయాలి.
* ప్రతి పరికరాన్నీ ఒకసారి ఆపి, మళ్లీ ఆన్ చేసి, సరైన టాస్కే నిలిచిందో లేదో చూడాలి.
* చివరి నిమిషంలో టాస్క్ మార్చితే అన్నింటిలోనూ మార్చాలి. అందుకు వ్యవధి లేకపోతే పాత టాస్క్‌కే కట్టుబడటం మేలు.
* ఎన్ని రికార్డర్లు ఉన్నాయో అధికారిక పరిశీలకుడికి ముందే తెలియజేయాలి.

ల్యాండింగ్ తర్వాత పరిశీలకుడి పర్యవేక్షణలో అన్ని ఫైళ్లనూ సేకరించి భద్రపరచాలి. అన్నింటిలోనూ ఒకే ప్రకటన ఉంటే ఏది చివరిదన్న ప్రశ్నే తలెత్తదు. ఒక పరికరం మధ్యలో ఆగిపోయినా, అదే ప్రకటన ఉన్న మరొకటి ఆ ప్రయాణానికి సాక్ష్యంగా నిలిచే వీలుంటుంది.