బందరు రోడ్డు, పావు అణా కార్డు

విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర చెన్నై–కోల్‌కతా రహదారిని దాటి సాగే బందరు రోడ్డు మచిలీపట్నం చేరుతుంది. 1611లో ఇంగ్లీషువాళ్లు వర్తకశాల పెట్టిన ఊరది. కృష్ణా డెల్టాను లోకానికి పరిచయం చేసింది ఆ రేవేనంటారు. నా లెక్కలో రేవు పరిచయం చేసింది కలంకారీ గుడ్డని, అద్దిన మనిషిని కాదు. మామూలు మనిషికి దారి వేసింది టపా: 1876లో భారతదేశం విశ్వ తపాలా సమాఖ్యలో చేరింది, 1879లో పావు అణా కార్డు వచ్చింది. ఆ ధర దేశంలోపలికే కదా, చదువు వచ్చినవాళ్లెందరు అనొచ్చు. నిజమే, విదేశానికి ఖర్చు ఎక్కువే. కానీ ఉత్తరం రాసిపెట్టేవాడు ఊళ్లోనే దొరుకుతాడు, ఓడ మాట్లాడిపెట్టేవాడు దొరకడు. 2005లో పోర్చుగల్‌లో పుట్టిన పోస్ట్‌క్రాసింగ్ ముక్కూమొహం తెలియనివాళ్ల మధ్య కార్డులు తిప్పుతున్నదీ ఆ సమాఖ్య పాత ఒప్పందం మీదే: బిళ్ల ఏ దేశానిదైనా, ఇంటికి చేర్చే పూచీ అవతలి టపాది.